దీపం ఆరిన పాతర

ముందుగా ఒక నియమం చెప్పి మొదలుపెడతాను. ఈ రాతలో నేను వేసే అంకెలన్నీ నా జేబు డైరీలలో ఉన్నవే. డైరీలో లేనిదాన్ని, అది ఎంత స్పష్టంగా కళ్లముందు కదులుతున్నా, "సుమారు" అని మాత్రమే రాస్తాను. పరిశోధనలో కొత్తగా అడుగుపెట్టిన మీవంటివారికి ఇది చాదస్తంగా తోచవచ్చు. ఉద్యోగ జీవితమంతా నన్ను నిలబెట్టింది ఈ చాదస్తమే. ఒక్కసారి మాత్రం నన్ను పక్కదారి పట్టించింది. మళ్లీ దారికి తెచ్చింది కూడా అదే. ఆ ఒక్కసారి సంగతి మీకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

సంవత్సరం 1962. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థలో నేను క్షేత్ర పరిశీలకుణ్ని. మా ఊరు ఆలేరు పక్కన. జొన్నరొట్టె మీద పెరిగినవాణ్నే అయినా, మా ఇంట్లో జొన్నలు గుమ్మిలో ఉండేవి. వెదురుతో అల్లి పేడతో అలికిన ఆ గుమ్మి తప్ప ధాన్యం దాచే మరో పద్ధతి నాకు తెలియదు. పాలమూరు జిల్లాలో, కొత్తకోటకూ ఆత్మకూరుకూ మధ్య పల్లెల్లో, జొన్నలను భూమిలో దాస్తారని ఉద్యోగంలో చేరాకే చూశాను. దాన్ని పాతర అంటారు. గట్టి మొరం నేలలో మనిషిన్నర లోతున, కుండ ఆకారంలో గొయ్యి తవ్వుతారు. అడుగునా చుట్టూతా ఎండుగడ్డి పేర్చి జొన్నలు పోస్తారు. పైన మళ్లీ గడ్డి కప్పి, మూతికి బండ వేసి, బండ చుట్టూ బంకమట్టి మెత్తుతారు. ఏడాదిపాటు, కొందరైతే రెండేళ్లపాటు, దాన్ని ముట్టరు. వాన తప్పిన ఏడు ఆ ఇల్లు బతికేది దానిమీదే.

ఈ పాతరలలో ధాన్యం ఎంత చెడుతున్నది, ఎందుకు చెడుతున్నది, వాటి బదులు ఏమి కట్టించవచ్చు అని తేల్చడం మా పని. నాలుగు శాస్త్రాలవారిని ఒక జట్టుగా కూర్చారు. చెడిన జొన్నలు తిన్నవారికి ఏమవుతుందో చూడవలసిన వైద్యుడు జట్టుకు పెద్ద. నేలమీద ఇటుకతో కట్టే ధాన్యపు కొట్టుకు నమూనా గీస్తున్న ఇంజనీరు ఒకరు. గింజలో తేమనూ బూజునూ పరీక్షించే ఆహార రసాయన శాస్త్రజ్ఞురాలు ఒకరు. పొలాల్లోని ఎలుకలు, పందికొక్కులు ఎట్లా బతుకుతాయో చదివే వన్యప్రాణి శాస్త్రజ్ఞుడు ఒకరు. ఊరివాళ్లకు ఈ శాస్త్రాల పేర్లతో పనిలేదు. వారం తిరగకముందే దవాఖాన సారు, గోడల సారు, బూజు మేడం, ఎలుకల సారు అని వాళ్లే పేర్లు పెట్టారు. వీరందరికీ కొలతలు సమకూర్చేవాణ్ని నేను. నా పేరు గొట్టం సారు.

ఆ పేరుకు కారణం చెప్పాలి. మూసి ఉన్న పాతరలో ఏడాది పొడవునా ఏం జరుగుతున్నదో తెలియాలంటే పదిహేను రోజులకొకసారి గింజ నమూనా తీయాలి, వేడి కొలవాలి. అందుకని బండ పక్కనుంచి మట్టిలోగుండా ఒక ఇనుప గొట్టాన్ని జొన్నల నడుమదాకా దించి, పై కొసకు కర్ర బిరడా బిగించాం. బిరడా తీసి, పొడుగాటి కాడ ఉన్న సన్నని గరిటెతో గుప్పెడు గింజలు పైకి లాగి డబ్బాలో మూస్తాను. దారానికి కట్టిన ఉష్ణమాపకాన్ని దించి, పావుగంట ఉంచి, చదువుతాను. మళ్లీ బిరడా బిగిస్తాను. ఈ గొట్టం ఆలోచన నాదే. జట్టంతా మెచ్చుకున్నది. ఆ మెప్పును నేను మౌనంగా, తృప్తిగా స్వీకరించానన్న సంగతి కూడా ఇక్కడే రాసిపెడుతున్నాను.

ఒకే ఊళ్లో పన్నెండు పాతరలు ఎన్నుకున్నాం. నాలుగో నంబరు పాతర, అందరికన్నా ముందు ఒప్పుకున్న రైతుది. నలభై దాటిన మనిషి, ఇంట్లో ఆరుగురు. అతని పక్క ఇల్లు అతని మేనత్తది. ఆమెది పన్నెండో నంబరు. గొట్టం దించడానికి వెళ్లిన రోజున ఆ ముసలమ్మ తన పాతర బండమీదే కూర్చుని ఉంది.

"గా ఇనుప కట్టె ఎందుకు బిడ్డా?"

"లోపల గింజ ఎట్లున్నదో చూడాలె అవ్వా. పదిహేను దినాలకొకసారి."

"సూసుడెందుకు? మంచిగ ఎండవోసిన, మంచిగ మూసిన."

"చెడిపోతుంటే తెలుస్తది."

"తెలిస్తె ఏం జేస్తవు? లోపలికి దిగి బాగుజేస్తవా?"

చుట్టూ నిలబడ్డవాళ్లు నవ్వారు. రైతు మధ్యలో కలగజేసుకున్నాడు. "అత్తా, గింత పెద్దసార్లు పట్నం నుంచి వచ్చిన్రు. జర వాళ్ల మాట వినరాదు?"

"నీ పాతర నువ్విచ్చుకో అల్లుడా, నేనొద్దంటున్ననా? నాది నేనియ్య. మూసిన పాతరను ఏడాదిదాక ముట్టొద్దు. గంతే."

"ఎందుకు ముట్టొద్దు?" అని అడిగాను.

"ముట్టొద్దంటే ముట్టొద్దు. నాకు మా అత్త జెప్పింది, ఆమెకు వాళ్లత్త జెప్పింది. నీకు జెప్పెటోళ్లు లేకుంటే నేనేం జెయ్యాలె?"

ఈసారి నవ్వు ఇంకా గట్టిగా లేచింది. నేను రిజిస్టరు తెరిచి, పన్నెండో వరుసలో "నిరాకరణ" అని, కారణం గడిలో "మూఢనమ్మకం" అని సిరాతో రాశాను.

ఏడో నంబరు కూడా మాకు దక్కలేదు. గొట్టం దించిన మూడో రోజున ఆ ఇంటి పిల్లలు దాంట్లో గులకరాళ్లు వేసి నింపారు. ఇంటాయన పిల్లల మీది కోపం మామీద చూపించాడు. గొట్టం పీకి వీధిలో పడేసి, బొక్కను బంకమట్టితో పూడ్చి, "పాతర తెరిసిననాడు వచ్చి సూసుకోన్రి, అప్పటిదాక మా వాకిట్లకు రావొద్దు" అన్నాడు. మిగిలినవి పది పాతరలు. పట్టికకు పది చాలునని అందరం అనుకున్నాం.

కొత్తకోటలో ఒక గది కిరాయికి తీసుకుని, పదిహేను రోజులకొకసారి సైకిలుమీద ఆ ఊరు వెళ్లేవాణ్ని. పదకొండు నెలల్లో ఇరవై రెండు దఫాలు. ఒక్క దఫా తప్పలేదు. ఆ ఏడు ఆ వైపు కురిసిన ఒకే ఒక పెద్దవానకు వాగు వచ్చింది. అది సరిగ్గా నా వంతు రోజే. సైకిలు నెత్తిన పెట్టుకుని దాటాను. ఉష్ణమాపకం మాత్రం చొక్కా లోపల భద్రంగా ఉంది.

ఆషాఢం నుంచి అంకెలు కదలడం మొదలైంది. తేమ పెరిగింది. వేడి పెరిగింది. పదిహేను రోజులకొక చుక్క చొప్పున గళ్ల కాగితంమీద గుర్తుపెట్టి గీతతో కలిపేవాణ్ని. గీత ఎక్కడా తడబడకుండా పైకి పోతున్నది. కొలత సక్రమంగా ఉన్నదనడానికి అంతకన్నా రుజువేమి కావాలి? ఆ గీతను చూసుకుని నేను సంతోషించిన మాట నిజం. ఆ గీత కింద ఆరుగురు మనుషుల రొట్టె ఉన్నదని నాకు తెలియక కాదు. దాన్ని రాసుకోవడానికి ఆ కాగితంమీద గడి లేదు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. చేలల్లో జొన్న మోకాలెత్తున ఎండిపోయింది. నేను పరామర్శగా ఏదో అనబోతే రైతు తేలిగ్గా తీసిపారేశాడు. "ఫికర్ లేదు సారూ. పాతర ఉన్నది గద."

నేను బిరడా తీసి గరిటె దించాను.

1963లో, మాఘమాసం చివరిలో, నాలుగో నంబరు పాతర తెరిచారు. జట్టంతా వచ్చింది. ఆ పల్లెల్లో ఒక ఆనవాయితీ ఉంది. పాతర తెరవగానే ఎవరూ దిగరు. ప్రమిదలో దీపం వెలిగించి, తాడుకు కట్టి లోపలికి దించుతారు. దీపం ఆరిపోతే లోపలి గాలి మనిషికి పనికిరాదని గుర్తు. ఆగకుండా దిగినవాడు అక్కడికక్కడే కూలిపోతాడు. దీపం నిలిచేదాకా, గంటలు పట్టినా, కూర్చోవలసిందే.

రైతు దీపం దించాడు. అది నిశ్చలంగా వెలిగింది.

"ఎలుగుతాంది, ఎలుగుతాంది! దిగొచ్చు!" అని ఊరివాళ్లు అరిచారు.

మేనత్త మూతి దగ్గరికి వచ్చి వంగి చూసింది. "గిదేంది? తెరిసిన గడియల్నే దీపం నిలవడ్డదా? నా బతుకుల సూడలే."

"మంచిదే గదత్తా. కూసుండే పని తప్పింది."

నా రిజిస్టరులో చిట్టచివరి గడి "వ్యాఖ్యలు". దాంట్లో రాయడానికి సాధారణంగా ఏమీ ఉండదు. కాని గడి ఖాళీగా వదలడం నా స్వభావంలో లేదు. "దీపం వెలిగింది" అని రాశాను.

రైతు దిగాడు. తర్వాత లోపలినుంచి, "సారూ, గింజ ఉడుకుతాంది" అన్నాడు.

గొట్టం చుట్టూ జొన్నలు నల్లబడి, ముద్దకట్టి, పెళ్లలుగా లేచాయి. తక్కినవాటిలో ముక్కపురుగు కుప్పలుగా పాకుతున్నది. పోసినవి పదిహేను బస్తాలు. తూర్పారబట్టి ఏరితే తిండికి పనికివచ్చినవి నాలుగు. రైతు భార్య దోసెడు గింజలు చేతిలోకి తీసుకుని వాసన చూసి, "గివి బర్రెలు గూడ ముట్టయి" అని కింద పోసి, చేతులు చీరకు తుడుచుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

రైతు నా దగ్గరికి వచ్చాడు. "మా నాయిన కాలం నుంచి గిట్ల ఎన్నడు కాలే. ఒక మాట జెప్పు సారూ. గీ సంగతి నీకు ముందే ఎరుకైందా?"

అబద్ధం నాకు చేతకాదు. "ఎరుకైంది. భాద్రపదం నుంచే ఎరుక."

"మరి జెప్పకపోతివి? గప్పుడే తెరిసి సగమన్న దక్కించుకుందుము."

"ఏడాది నిండేదాక తెరవొద్దని నియమం ఉన్నది."

"ఓహో," అన్నది మేనత్త, వెనకనుంచి. "నీకు గూడ ముట్టొద్దని జెప్పెటోళ్లున్నరన్నట్టు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

తక్కిన తొమ్మిది పాతరలూ ఆ వారంలోనే తెరిచాం. ఎక్కువ తక్కువలతో అన్నీ అదే తీరు. నలుగురు శాస్త్రజ్ఞులకూ నాలుగు కారణాలు దొరికాయి. మట్టిగోడకు లోపల పూత లేదు కనుక నేల చెమ్మ లాగిందని ఇంజనీరు. పందికొక్కు బొరియలు పాతరదాకా వచ్చాయని వన్యప్రాణి శాస్త్రజ్ఞుడు. తేమ హద్దు దాటాక బూజు ఎవరిమాటా వినదని రసాయన శాస్త్రజ్ఞురాలు. ఇటువంటి గింజ తింటే కడుపు ఏమవుతుందో ఊళ్లోనే చూడవచ్చునని వైద్యుడు. కారణాలు వేరైనా ముద్దాయి ఒక్కటే, పాతర. నివేదిక ముసాయిదా తయారైంది. పాతరలను పూడ్పించి ఇటుక కొట్లు కట్టించాలన్నది దాని సారాంశం. దానికి వెన్నెముక నా పట్టిక, నా గీత. ఇంజనీరు గారు ఊళ్లో కూడా ఆ మాట చెప్పారు. నివేదిక ఖాయం కాగానే పాతర పూడ్చేస్తానని, పెరట్లోని బండలను కొట్టుకు పునాదిగా ఇస్తానని రైతు ఒప్పుకున్నాడు. తన పాతరమీద అతనికి నమ్మకం పోయింది. మాట మీద నిలబడే మనిషి. పూడ్చడానికని మొరం మట్టి తెచ్చి మూతి పక్కన కుప్ప కూడా పోశాడు.

హైదరాబాదులో సమావేశానికి నాలుగు రోజులున్నాయనగా, మేనత్త తన పాతర తెరుస్తున్నదని కబురు వచ్చింది. ఆమెకు ఇంకా ఏడాదిదాకా దాన్ని తెరిచే ఆలోచన లేదు. అల్లుడి ఇంట్లో గింజలు నిండుకుంటున్నాయని తెరుస్తున్నది. పన్నెండో వరుసలో ఏదో ఒకటి రాసి ముగించవచ్చునని నేను సైకిలెక్కాను.

ఉదయం ఎనిమిది దాటింది. బండ తీసి, గడ్డి లాగారు. రైతు దీపం దించాడు. చేతి పొడుగు దిగిందో లేదో, చప్పున ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించాడు. మళ్లీ ఆరింది.

తెరిచిన వెంటనే లోపలి వేడి ఎంతో చూడాలని నా తొందర. మూతి అంచున మోకాళ్లమీద కూర్చుని, ఉష్ణమాపకం దారం పట్టుకుని తల లోపలికి వంచాను. వెనకనుంచి ఎవరో నా చొక్కా పట్టి లాగారు. వెల్లకిలా పడ్డాను.

"సస్తవా ఏంది?" ముసలమ్మ రొప్పుతున్నది. "దీపం ఆరింది కనబడలేదా? కండ్లద్దాలు దేనికి పెట్టుకున్నవు? పోయి గా గోడ పక్కకు కూసో."

వెళ్లి కూర్చున్నాను. ఇద్దరు మనుషులు వేపమండలను తాడుకు కట్టి పాతరలో పైకీ కిందికీ ఆడిస్తూ గాలి మారుస్తున్నారు. గంటకొకసారి దీపం దించుతున్నారు. పది గంటలకు ఆరింది. పదకొండుకు రెపరెపలాడి ఆరింది. పన్నెండు దాటాక నిలిచింది. నాలుగు గంటలపాటు గోడ పక్కన ఊరికే కూర్చోవడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

రైతు దిగి మొదటి తట్ట పైకి అందించాడు. చెయ్యి పెట్టి చూశాను. గింజ చల్లగా ఉంది, గలగలమంటున్నది. గోడ అంచున వేలెడు మందాన రంగు మారింది, అంతే. పురుగు ఉందా అని వెతికాను. ఉంది. ప్రతి పురుగూ చచ్చి ఉంది.

"సగం నీ ఇంటికి మోసుకపో అల్లుడా," అన్నది మేనత్త.

"సగమెందుకత్తా, నాలుగు బస్తాలు..."

"ఆరుగురు నోర్లు నాలుగు బస్తాలతోని ఎన్నాళ్లు నడుస్తయి? మోసుకపో అన్న. నాకు లెక్కలు జెప్పకు. జెప్పెటాయన గా గోడ పక్కకు కూసున్నడు."

నేను లేచి వెళ్లి అడిగాను. "అవ్వా, నీ పాతరల పురుగు ఎందుకు చచ్చింది?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "దీపమే బతకలే. పురుగెట్ల బతుకుతది?"

"ఈ మాట ఆనాడే చెప్తే అయిపోతుండె గదా."

"ఆనాడు నాకేమెరుక? నువ్విప్పుడు అడిగితె తోచింది."

ఆమె మాటను నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆమె దగ్గర ఆచారం ఉంది, కారణం లేదు. నా దగ్గర అంకెలున్నాయి, కారణం లేదు. పోగా, నా దగ్గర అదనంగా ఒక గొట్టం ఉంది.

గోడ నీడకు వెళ్లి రిజిస్టరు తెరిచాను. తేమ గడులు, వేడి గడులు దాటుకుని, ఎవరూ చదవని చివరి గడి చదివాను. ఒకటో నంబరు: దీపం వెలిగింది. రెండు: వెలిగింది. మూడు: రెపరెపలాడి నిలిచింది. నాలుగు: వెలిగింది. ఐదు, ఆరు: వెలిగింది. ఏడు, అంటే పిల్లలు గులకరాళ్లు పోసిన, గొట్టం పీకేసి మట్టితో పూడ్చిన పాతర: దీపం ఆరింది, రెండు గంటలు ఆగారు, గింజ బాగున్నది. కొలతలు లేవు కనుక దాన్ని పట్టికలోకి ఎక్కించలేదు. ఎనిమిది నుంచి పదకొండుదాకా: వెలిగింది, వెలిగింది, వెలిగింది, వెలిగింది. పన్నెండో గడిలో అప్పుడే రాశాను: ఆరింది, నాలుగు గంటలు ఆగారు.

గొట్టమున్న పదింటిలో దీపం నిలిచింది, గింజ చెడింది. గొట్టం లేని రెండింటిలో దీపం ఆరింది, గింజ నిలిచింది.

ఇరవై రెండుసార్లు బిరడా తీశాను. ప్రతిసారీ పావుగంటకు పైగా తెరిచి ఉంచాను. ఎండకు కాగిన గొట్టం చుట్టూ మట్టి నెర్రెలు విచ్చితే అది ప్రకృతి అనుకున్నాను. లోపల ఊపిరాడక చావవలసిన పురుగుకు పదిహేను రోజులకొకసారి సైకిలుమీద వచ్చి గాలి ఇచ్చి వెళ్లాను. ఆ తర్వాత అది ఎంత బలిసిందో శ్రద్ధగా కొలిచాను. నా అంకెలలో ఒక్కటీ తప్పు కాదు. అవి పాతరను గురించిన అంకెలు కావు, నన్ను గురించిన అంకెలు.

రైతు చివరి తట్ట మోసి వచ్చి చెమట తుడుచుకుంటున్నాడు. అతనికి చెప్పకుండా హైదరాబాదు బస్సు ఎక్కే ధైర్యం నాకు లేకపోయింది.

"నీ జొన్నలు చెడగొట్టింది పాతర కాదు," అన్నాను. "నా గొట్టం."

అతను నన్నూ రిజిస్టరునూ మార్చి మార్చి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"గీ మాట మీ పెద్దసార్లకు గూడ జెప్తవా, నాకే జెప్తవా?"

"వాళ్లకూ చెప్తా."

"నీ నౌకరికి పరేషాన్ గాదా?"

"కావచ్చు."

"అయితె ఆ మొరం కుప్ప అట్లనే ఉండని," అన్నాడు. "నువ్వు వచ్చినంక సూస్త. నువ్వు రాకుంటె పూడుస్త."

ఆ నాలుగు రోజులూ నేను రిజిస్టరును మళ్లీ మళ్లీ సరిచూసుకున్నాను. నా తప్పు నిరూపించడానికైనా లెక్క తప్పకూడదు.

సమావేశంలో నా పట్టిక చదవవలసిన వంతు వచ్చినప్పుడు, "ఈ పట్టికను ఉపసంహరించుకుంటున్నాను" అని మొదలుపెట్టాను. చెప్పవలసింది చెప్పాను.

ఇంజనీరు గారికి కోపం వచ్చింది. ఆయన కొట్టు నమూనా పూర్తయి ఉంది. "పది పాతరలు చెడ్డాయి, రెండు నిలిచాయి. రెండింటి కోసం పదింటిని కొట్టేస్తారా?"

"రెండు కాదండీ, పన్నెండు. పన్నెండింటిలోనూ దీపం చెప్పిందే జరిగింది."

"దీపం గురించి రాయమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. గడి ఖాళీగా ఉంది."

వన్యప్రాణి శాస్త్రజ్ఞుడు పెద్దగా నవ్వేశాడు. తర్వాత తన నోటుపుస్తకం తిరగేసి, పందికొక్కు బొరియలు చూసిన పాతరలన్నీ గొట్టం ఉన్నవేనని, తవ్వి వదిలిన మట్టి మెత్తగా ఉండడంతో అవి గొట్టం వెంటే దిగాయని చెప్పాడు. ఆ సంగతి తనకు ఇంతవరకు తట్టలేదని కూడా ఒప్పుకున్నాడు. రసాయన శాస్త్రజ్ఞురాలు చచ్చిన పురుగుల డబ్బా అడిగి తీసుకుని, చాలాసేపు భూతద్దంతో చూసింది. "మూసిన గింజ లోపలి మంచిగాలిని తానే తాగేస్తుంది. అందుకే దీపం ఆరుతుంది, అందుకే పురుగు చస్తుంది. మనం దానికి కిటికీ పెట్టాం," అన్నది. ఇంజనీరు గారు తన ముందున్న నమూనా కాగితంమీద కొట్టు మూత చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టడం నేను చూశాను. మరుసటి నమూనాలో ఆ మూత గాలి చొరకుండా బిగిసేలా మారింది. ఆయన నాకు ఎన్నడూ ఆ మాట చెప్పలేదు, నేనూ అడగలేదు.

చివరికి వైద్యుడు, జట్టు పెద్ద, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఏడాది పని పోతుంది. తెలుసు కదా?"

"పోదండీ. పాతరకు గొట్టం పెడితే ఏమవుతుందో పదకొండు నెలల లెక్క మన దగ్గర ఉంది. అది మరెక్కడా లేదు."

ఆయన ముఖంలో నవ్వు వచ్చిందో లేదో నిశ్చయంగా రాయలేను. రిజిస్టరు నావైపు జరిపారు. "మీ పట్టిక. మీరే కొట్టేయండి."

కొట్టేశాను. ఎట్లా కొట్టేయాలో మీకు చెప్పడం నా బాధ్యత. గీకకూడదు, సిరా పూయకూడదు, కాగితం చింపకూడదు. కింద ఉన్నది చదవడానికి వీలుగా ఒకే ఒక గీత గీసి, పక్కన తేదీ వేసి సంతకం చేయాలి. పట్టిక అయ్యాక పన్నెండో వరుసకు వెళ్లాను. "మూఢనమ్మకం" అన్న మాటమీద కూడా ఒక గీత గీసి, సంతకం చేశాను. దాని స్థానంలో ఏమి రాయాలో తోచలేదు. నా రిజిస్టరులన్నింటిలో నేను ఖాళీగా వదిలిన గడి అదొక్కటే.

మరుసటి వారం ఆ ఊరు వెళ్లాను. మొరం కుప్ప అట్లాగే ఉంది. నన్ను చూశాక రైతు దాన్ని మరో పనికి వాడుకున్నాడు. గొట్టం పీకి, ఆ బొక్కను దానితోనే పూడ్చుకున్నాడు.

తర్వాతి వానకాలం కరుణించింది. 1964లో పాతరలు మళ్లీ నిండాయి. ఈసారి గొట్టం లేదు. పోసిననాడు ఒక కొలత, తీసిననాడు ఒక కొలత, నడుమ ఏమీ లేదు. ఏడాదిపాటు ఏమీ కొలవకుండా ఉండడం నాకు వాగు దాటడంకన్నా కష్టమైంది. రెండుమూడుసార్లు ఊరికే ఆ ఊరు వెళ్లి, బండలను చూసి వచ్చాను. మేనత్త మాత్రం ప్రతిసారీ, "ఏం గొట్టం సారూ, చేతులు దురద పెడుతున్నయా?" అనేది.

1965లో నాలుగో నంబరు పాతర తెరిచేరోజున జట్టు రాలేదు, నేనొక్కణ్నే ఉన్నాను. బండ తీశారు. గడ్డి లాగారు. రైతు ప్రమిద వెలిగించి, తాడు కట్టి, నా చేతికిచ్చాడు.

"నువ్వు దించు సారూ."

ఆ ఊళ్లో దీపాన్ని ఇంటి యజమానే దించాలి. బయటివాళ్ల చేతికి ఇవ్వరు. నేను మేనత్త వైపు చూశాను. ఆమె నా చొక్కా వెనక అంచును గట్టిగా పట్టుకుని నిలబడింది.

తాడు మెల్లగా వదిలాను. మూర దిగింది. రెండు మూరలు దిగింది. వెలుగు ఒక్కసారి నీలంగా కుంచించుకుపోయి, పొగ తీగ ఒకటి పైకి వచ్చింది.

పాతర చుట్టూ ఉన్న ఆ ఇంటి ఆరుగురూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

"ఆరింది సారూ," అన్నాడు రైతు. "రాసుకో."

రిజిస్టరు తెరిచాను. ఆ ఏడు దాన్ని నేను కొత్తగా గీయించాను. దీపం గడి ఇప్పుడు చివర లేదు, అన్నిటికన్నా ముందుంది. దాంట్లో సమయం వేసి, "ఆరింది" అని రాసి, గోడ పక్కకు వెళ్లి కూర్చున్నాను.